బిడ్డ ఒడిలో ఉన్నా కాగితం చేతిలో లేని మేనమామలు

సంక్షిప్తంగా: అమ్మానాన్నలు పోయిన బిడ్డను స్వలింగ ప్రేమికుడైన మేనమామ గానీ బాబాయి గానీ పెంచుకోవడానికి భారత చట్టంలో అడ్డు లేదు. చిక్కంతా కాగితం దగ్గర వస్తోంది. తన సంగతి బయటపడుతుందన్న భయంతో అతను కోర్టు గడప తొక్కడు. కోర్టు ఉత్తర్వు లేకపోవడం వల్ల, తగాదా వచ్చిన రోజున నిలబడటానికి చోటు ఉండదు. పెరిగేది పిల్లవాడా ఆడపిల్లా, ఆ కుటుంబం ఏ తెగకు చెందినది అన్న వాటిని బట్టి దారులు మారిపోతాయి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే ముప్పై నాలుగేళ్ల మనిషిని ఊహించుకుందాం. పెళ్లి కాలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. అతను గే అన్న సంగతి ఇద్దరు ముగ్గురు స్నేహితులకు తప్ప తెలియదు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద జరిగిన ప్రమాదంలో చెల్లెలు, బావ ఒకే రాత్రి పోయారు. ఏడేళ్ల కొడుకు మిగిలాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక చాపల మీద కూర్చున్న పెద్దల మధ్య, పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలన్న మాట వస్తుంది. నానమ్మకు చూపు ఆనదు. పెదనాన్నకు అప్పటికే ముగ్గురు పిల్లలు. అందరి చూపూ మేనమామ మీదికి మళ్లుతుంది. బరువు బాధ్యతలు లేని మనిషి కదా! ఇన్నేళ్లుగా పెళ్లి చేసుకోలేదని ఎవరు దెప్పారో వాళ్లే, పెళ్లి కాకపోవడాన్ని ఆ పూటకు అర్హతగా మారుస్తారు.

ఈ ఉదాహరణ కల్పితమే. దీన్ని పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కితే చట్టం ఎక్కడ తోడు వస్తుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో తెలుస్తుంది. ముందుగా మాట సంగతి ఒకటి. పత్రికలు చాలాకాలంగా వాడుతున్న 'స్వలింగ సంపర్కుడు' అన్న పదం మనిషిని పడకగదికి కుదించేస్తుంది. పిల్లవాడికి అన్నం కలిపి పెట్టే మనిషి గురించి రాసేటప్పుడు ఆ పదం మరీ ఎబ్బెట్టు. కాబట్టి ఇక్కడ 'గే', 'స్వలింగ ప్రేమికుడు' అన్న మాటలే కనిపిస్తాయి.

మొదటి ఏడాది ఎందుకు సాఫీగా సాగుతుంది

తొలి రోజుల్లో కాగితం అవసరం పెద్దగా పడదు. బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో తండ్రి పేరు రాసే గడి పక్కన 'లేదా సంరక్షకుడు' అని ఉంటుంది. అక్కడ మేనమామ పేరు రాసి, సంబంధం అన్నచోట 'మేనమామ' అని నింపితే సరిపోతుంది. ఇది ప్రధానోపాధ్యాయుడి దయ కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టమే సంరక్షకుడు అన్న మాటను విశాలంగా నిర్వచించింది: బిడ్డ బాగోగులు, అదుపు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మనిషి సంరక్షకుడే. కోర్టు నియమించినవాడు అందులో ఒక రకం మాత్రమే. వయసు రుజువు లేదన్న సాకుతో ప్రవేశం నిరాకరించకూడదని కూడా అదే చట్టం చెబుతోంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా ఇదే ధోరణిలో ఉంది. వాస్తవంగా బిడ్డ ఎవరి అధీనంలో ఉన్నాడో చూసి, ఆ మనిషిని తన విచారణలో సంరక్షకుడిగా గుర్తించే వీలు జిల్లా బాలల సంక్షేమ కమిటీకి ఉంది. అంటే పెంచుతున్నవాడు ఎవరన్నది చట్టానికి ముఖ్యమే. రెండింట్లో ఎక్కడా ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తాడన్న ప్రశ్న లేదు.

పాలమూరు వైపు ఈ వాస్తవ సంరక్షణ తరతరాల అలవాటు. నారాయణపేట, కోస్గి, మక్తల్ ప్రాంతాల నుంచి గుంపు మేస్త్రీల వెంట ముంబయి, పుణె పనులకు వెళ్లేవాళ్లు బడి ఈడు పిల్లలను అమ్మమ్మ ఇంట్లోనో మేనమామ దగ్గరో వదిలి వెళ్తారు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు కాబట్టి చట్టప్రకారం సంరక్షకులు వాళ్లే. ఊళ్లో ఉన్న మనిషికి వాళ్ల సంతకంతో ఒక ఉత్తరం ఉంటే రోజువారీ పనులు నడుస్తాయి. ఈ అలవాటు వల్లనే, బిడ్డ మేనమామ ఇంట్లో పెరుగుతున్నాడంటే దక్షిణ తెలంగాణలో ఎవరూ ఆశ్చర్యపోరు. అదే అలవాటు వల్ల, తల్లిదండ్రులు ఇక తిరిగి రాని సందర్భంలో కూడా కాగితం కావాలని ఎవరికీ తట్టదు.

డబ్బు రాగానే తగాదా

బిడ్డను ఎవరు పెంచాలన్న దానిమీద గొడవలు రావడం తక్కువ. బిడ్డ పేరున వచ్చే డబ్బు, భూమి ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే గొడవ. పోయిన బావ పట్టాదారు రైతు అయితే, 2018లో మొదలైన రైతు బీమా కింద 5 లక్షల రూపాయలు వస్తాయి. రోడ్డు ప్రమాదం కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు కూడా ఉంటుంది. మైనర్ వాటాను ట్రిబ్యునళ్లు సాధారణంగా మేజరయ్యే దాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుతాయి. పొలం విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) చేయించాలంటే మైనర్ పక్కన సంరక్షకుడి పేరు కావాలి. ఈ మూడు చోట్లా 'మేనమామ' అన్న వరస ఒక్కటే సరిపోదు.

ఇక్కడే తండ్రి తరఫు, తల్లి తరఫు అన్న గీత పడుతుంది. బాబాయి పెంచుతుంటే 'మా వంశపు బిడ్డ మా ఇంట్లోనే ఉన్నాడు' అనుకుంటారు. కానీ ఉమ్మడి పొలంలో ఆ బాబాయికి కూడా వాటా ఉంటుంది. బిడ్డ ప్రయోజనం, అతని ప్రయోజనం ఎదురుబొదురు అయ్యే ప్రమాదం ఉంది. మేనమామకు బావ పొలంలో గజం వాటా ఉండదు. అయినా తండ్రి తరఫువాళ్లకు అతనే ఎక్కువ అనుమానం. హైదరాబాద్ చుట్టూ ప్రాంతీయ వలయ రహదారి వేస్తారన్న మాట పుట్టాక చౌటుప్పల్ చుట్టుపక్కల లాగా భూమి ధర పెరిగిన చోట ఈ అనుమానం ఇంకాస్త ముదురుతుంది.

నిజానికి చట్టం మేనమామ చేతులు బాగానే కట్టింది. 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం కింద కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండా మైనర్ స్థిరాస్తిని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. కోర్టు నియామకమే లేకుండా పెంచుతున్నవాడి పరిస్థితి అంతకంటే బిగువు. కేవలం పెంచుతున్నానన్న కారణంతో హిందూ మైనర్ ఆస్తిని ముట్టుకోకూడదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం స్పష్టంగా చెప్పింది. కాబట్టి కాగితం లేని మేనమామ ఆస్తిని కాజేయలేడు. దాన్ని కాపాడటానికి అతనికి అధికారమూ ఉండదు. కౌలు డబ్బు ఎవరో తీసుకుంటుంటే చూస్తూ ఉండిపోవాల్సిందే.

కోర్టు ఏం చూస్తుంది

సంరక్షక నియామకానికి బిడ్డ నివసించే చోటి కోర్టులో దరఖాస్తు వేయాలి. ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. 1890 చట్టంలోని 17వ సెక్షన్ ఏయే అంశాలు చూడాలో చెబుతుంది: బిడ్డ వయసు, లింగం, మతం, సంరక్షకుడు కావాలనుకునేవాడి శీలం, సామర్థ్యం, రక్తసంబంధం ఎంత దగ్గర, చనిపోయిన తల్లిదండ్రుల కోరిక ఏమైనా ఉందా, బిడ్డతో, బిడ్డ ఆస్తితో అతని పూర్వ సంబంధం ఏమిటి. బిడ్డకు తెలివిగా చెప్పగల వయసు ఉంటే అతని ఇష్టాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు.

ఈ జాబితాలో గే మేనమామకు భయం పుట్టించే మాట ఒక్కటే: శీలం. 2018 సెప్టెంబరు 6కు ముందు ఆ భయానికి గట్టి ఆధారం ఉండేది. శిక్షా స్మృతి 377వ సెక్షన్ కింద అతని సాన్నిహిత్యమే నేరం. ఎదుటి పక్షం న్యాయవాది ఆ ఒక్క ముక్క అంటే చాలు. నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను ఆ సెక్షన్ నుంచి తప్పించింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. స్వలింగ ప్రేమ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లో ప్రకటించింది. లైంగికత ఆధారంగా మానసిక వైద్య సేవల్లో వివక్ష చూపకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. నేరమూ కాని, జబ్బూ కాని దాన్ని శీల లోపంగా నిలబెట్టడం ఇప్పుడు న్యాయవాదికి తేలిక కాదు. అయితే 17వ సెక్షన్ విచక్షణను న్యాయమూర్తికే వదిలింది. పిల్లవాడికి గే మనిషి పక్కన రక్షణ ఉండదన్న అపోహను ఎదుటి పక్షం తప్పకుండా గొణుగుతుంది. పిల్లలపై అత్యాచారాలకు, పెద్దల లైంగిక ఇష్టానికి ముడిపెట్టే ఈ మాటకు శాస్త్రీయ పునాది లేదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం అందరికీ ఒకేలా వర్తిస్తుంది, కేసు నడిచేది అనుమానం మీద కాదు.

సుప్రీంకోర్టు నిర్ణయాల్లో ఈ చర్చకు రెండు పనికొస్తాయి. 2019లో తేజస్విని గౌడ్ కేసులో, తల్లి చనిపోయాక తల్లి తరఫు బంధువుల దగ్గర పెరుగుతున్న బిడ్డను తండ్రికే అప్పగించమంది. తండ్రి బతికి ఉండి, పనికిరానివాడని తేలకపోతే మేనమామ, పిన్నిల వాదన బలహీనమే. 2022 జూన్‌లో స్వామినాథన్ కుంచు ఆచార్య కేసు దీనికి భిన్నం. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లవాణ్ణి గుజరాత్ హైకోర్టు పిన్నికి అప్పగించింది. ఆమె వయసు, ఉద్యోగం, పెద్ద కుటుంబం అందుకు కారణాలు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును మార్చి తాత, నానమ్మలకు ఇచ్చింది. ఆదాయం, వయసు, కుటుంబం సైజు మాత్రమే కొలత కాకూడదని, బిడ్డకు ఎవరితో అనుబంధం ఉందో చూడాలని చెప్పింది. మిల్లు గుమాస్తా మేనమామకు ఈ రెండో తీర్పు ఊరట. నానమ్మ అడ్డం తిరిగితే ఇదే తీర్పు ఆమె చేతిలో ఆయుధం కూడా.

పక్కపక్క ఊళ్లు, వేర్వేరు చట్టాలు

సంరక్షకత్వం కాక దత్తతే తీసుకోవాలంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. హిందూ కుటుంబమైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వర్తిస్తుంది. పెళ్లి కాని మగవాడు దత్తత తీసుకోవచ్చు. అప్పటికే కొడుకు ఉండకూడదు, బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు. తల్లిదండ్రులు ఇద్దరూ లేరు కాబట్టి, బిడ్డను ఇచ్చే సంరక్షకురాలు, అంటే ఇక్కడ నానమ్మ, ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. దత్తత ఇచ్చాక తండ్రి నుంచి అప్పటికే సంక్రమించిన పొలం బిడ్డదే. ఈ సంగతి తెలియకే చాలా ఇళ్లలో దత్తత మాట ఎత్తగానే 'పొలం ఎగరేసుకుపోతాడు' అన్న రభస మొదలవుతుంది.

మిర్యాలగూడ నుంచి దేవరకొండ వైపు వెళ్తే ఇదంతా తలకిందులు. తండాల్లోని లంబాడాలు, అమ్రాబాద్ నల్లమలలోని చెంచులు షెడ్యూల్డ్ తెగలు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ దత్తత చట్టం, హిందూ మైనారిటీ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. వాళ్లకు మిగిలేవి తెగ ఆచారం, 1890 చట్టం, బాలల న్యాయ చట్టం.

ఈ చివరిది బంధువుల మధ్య దత్తతకు ప్రత్యేక దారి పెట్టింది. మతంతో పని లేదు. బంధువు అంటే ఎవరో కూడా లెక్కపెట్టి చెప్పింది: తండ్రి తరఫు, తల్లి తరఫు బాబాయిలు, మేనమామలు, అత్తలు, పిన్నులు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ. సొంత అన్న ఈ జాబితాలో లేడు! ఇరవై ఆరేళ్ల అన్న పదేళ్ల తమ్ముణ్ణి పెంచుతుంటే అతనికి ఈ దారి మూసుకుపోయినట్టే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం విచారణ దాటాలి. ఐదేళ్లు నిండిన బిడ్డ సమ్మతి కావాలి. 2021 సవరణ తర్వాత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టర్.

దేవరకొండ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1990ల చివర, 2000ల మొదట్లో ఆ తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాలు, వాటి వెనుక దత్తత కేంద్రాల వ్యవహారం దేశమంతా వార్తయింది. నోటరీ కాగితం మీద బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం అంటే అధికారులు ఉలిక్కిపడటానికి ఆ నేపథ్యం ఉంది. 2015 చట్టం ప్రకారం పద్ధతి తప్పిన దత్తతకు మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. పెళ్లి కాని మనిషి వంద రూపాయల స్టాంపు కాగితం చూపించి 'మా మేనల్లుడే' అంటే నమ్మకం కంటే అనుమానమే ముందు పుడుతుంది. అతని లైంగికత ఏమిటో వాళ్లకు తెలియకపోయినా సరే.

ఆడపిల్ల అయితే

మేనల్లుడి బదులు మేనకోడలు మిగిలి ఉంటే చిక్కు రెండింతలు. ఒంటరి పురుషుడు ఆడపిల్లను దత్తత తీసుకోరాదని బాలల న్యాయ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. హిందూ దత్తత చట్టం ఇద్దరి మధ్య ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉంటే ఒప్పుకుంటుంది. అంటే మిర్యాలగూడలోని ముప్పై నాలుగేళ్ల మేనమామ ఏడేళ్ల మేనకోడల్ని దత్తత తీసుకోగలడు. దేవరకొండ తండాలోని అదే వయసు మేనమామకు, తెగ ఆచారాన్ని రుజువు చేసుకుంటే తప్ప, ఆ దారి లేదు. ఇద్దరికీ సంరక్షకత్వం మాత్రం అందుబాటులో ఉంటుంది.

చట్టం చెప్పని చిక్కు ఇంకొకటి. తెలుగువారిలో మేనమామ తండ్రి లాంటివాడు కాడు. పుట్టువెంట్రుకలు తీయించేది, చెవులు కుట్టించేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకునేది, పెళ్లినాడు బుట్టలో తెచ్చేది ఆయనే. మేనరికం ఆచారంలో పెళ్లికొడుకు వరస కూడా ఆయనదే. బాబాయి ఇంట్లో ఆడపిల్ల పెరిగితే తండ్రి ఇంట్లో పెరిగినట్టు. పెళ్లి కాని మేనమామ ఇంట్లో పెరిగితే ఊరి నోట వేరే మాటలు పుడతాయి. 'ఇంట్లో ఆడదిక్కు లేదు' అన్న అభ్యంతరం అక్కడి నుంచి వస్తుంది. ఆ మనిషి గే అయితే ఆ అనుమానానికి అర్థమే లేదు. కానీ ఆ అనుమానాన్ని తీర్చగల ఒకే ఒక్క నిజాన్ని అతను బయటపెట్టలేడు.

రహస్యం ఖరీదు

బిడ్డ వచ్చాక గే మనిషి జీవితంలో పెళ్లి ఒత్తిడి రెండు రకాలుగా మారుతుంది. కొంతకాలం 'పిల్లవాడు కాస్త పెద్దవాడు కానీ' అన్న మాట అతనికి గొడుగు. తర్వాత అదే పిల్లవాడి పేరుతో 'వాడి కోసమైనా ఒక పిల్లను చేసుకో' అంటారు. ఇల్లు ఇరుకైనకొద్దీ, ఇరుగుపొరుగు రాకపోకలు పెరిగినకొద్దీ, సంగతి ఎవరి కంటనైనా పడే అవకాశం పెరుగుతుంది.

అసలు మెలిక ఇక్కడ ఉంది. కోర్టుకు వెళ్తే బంధువులకు నోటీసులు వెళ్తాయి, విచారణ జరుగుతుంది, ఎవరైనా ఏదైనా అనవచ్చు. ఆ భయంతో అతను దరఖాస్తు వాయిదా వేస్తాడు. కాగితం లేనంతకాలం, అతని రహస్యం తెలిసిన ఏ బంధువుకైనా అతని మీద పట్టు ఉంటుంది. 'చెప్పేస్తాం, పిల్లవాణ్ణి తీసుకుపోతాం' అన్న బెదిరింపు పనిచేసేది ఉత్తర్వు లేనప్పుడే. తగాదా లేని మొదటి ఏడాదిలో, నానమ్మ సమ్మతితో వేసిన దరఖాస్తు సాధారణంగా శీల పరీక్షగా మారదు. మూడేళ్ల తర్వాత, పరిహారం డబ్బు జమయ్యాక వేసేది తప్పకుండా మారుతుంది. స్వలింగ ప్రేమికులకు ఈ విషయంలో చట్టం కంటే ఆలస్యం ఎక్కువ హాని చేస్తోందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ప్రభుత్వ సాయం సంగతి క్లుప్తంగా: బంధువుల దగ్గర పెరిగే అనాథలకు కేంద్ర పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదన్న పరిమితి పెట్టారు. అంటే పట్టణంలో నెలకు 8,000. మిల్లు గుమాస్తా జీతం ఏమాత్రం ఉన్నా ఆ గీత దాటిపోతుంది.

ఇంట్లో రెండో మనిషి

మేనమామకు తోడు ఒకరు ఉంటే? 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. పెళ్లి కాని జంటలు కలిసి దత్తత తీసుకునే హక్కును కూడా ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ నిరాకరించింది. కాబట్టి దత్తత తీసుకుంటే ఒక్కడిగానే తీసుకోవాలి. బడి నుంచి పిల్లవాణ్ణి తీసుకొచ్చేది, జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది ఆ రెండో మనిషే అయినా, కాగితాల్లో అతను ఇంటికి వచ్చిన స్నేహితుడు. 2025 మేలో మద్రాస్ హైకోర్టు, పెళ్లి ఒక్కటే కుటుంబానికి పునాది కాదని, ఎంచుకున్న కుటుంబానికీ గుర్తింపు ఉందని చెప్పింది. బిడ్డ మీద ఆ రెండో మనిషికి దానివల్ల హక్కేమీ రాలేదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి వైరుధ్యమే మూడు దశాబ్దాలు నడిచింది. 1977 చట్టం అక్కడ స్వలింగ ప్రేమికుల దత్తతను నిషేధించింది. అదే రాష్ట్రం తన సంరక్షణలోని పిల్లలను తాత్కాలిక పెంపకానికి వాళ్ల ఇళ్లకే పంపేది. 2004 నుంచి ఇద్దరు అన్నదమ్ములను పెంచుతున్న ఒక గే వ్యక్తి దత్తత కోసం కోర్టుకు వెళ్లాడు. 2010లో అప్పీలు కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. తల్లిదండ్రుల లైంగికత కంటే వాళ్ల సామర్థ్యం, బిడ్డతో అనుబంధం, ఇంటికి దొరికే ఆసరా పిల్లల మేలును ఎక్కువగా నిర్ణయిస్తాయని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లో ప్రకటించింది.

ఇక్కడ మాత్రం ఒక సందు ఉంది. కోర్టు నియమించిన సంరక్షకుడు తన తర్వాత ఎవరు చూసుకోవాలో వీలునామాలో నిర్ణయించలేడు. దత్తత తండ్రి నిర్ణయించగలడు. హిందూ మైనారిటీ చట్టం 9వ సెక్షన్ తండ్రికి ఇచ్చే ఆ అధికారంతో, తాను పోతే బిడ్డకు సంరక్షకుడిగా తన తోడు మనిషి పేరే రాయవచ్చు. ఆస్తి విషయంలోనూ వీలునామా తప్పదు. దత్తత లేకుండా మేనమామ పోతే అతని ఆస్తికి ముందు వారసురాలు అతని తల్లి. మేనల్లుడి వంతు చాలా వెనక వస్తుంది.

సంరక్షక ఉత్తర్వు పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున దానంతట అదే ముగుస్తుంది. అప్పటికి మేనమామకు నలభై అయిదు. కోర్టులో లెక్కలు అప్పజెప్పి, డిపాజిట్ రసీదు, పట్టాదారు పాసుపుస్తకం పిల్లవాడి చేతికి ఇస్తే ఫైలు మూతపడుతుంది.